కన్ను నీరు కారుతోందా? కోతకు ముందు కారణం తేలాలి

చెంప మీదికి నీరు కారినంత మాత్రాన, కన్నీరు ముక్కులోకి దిగే గొట్టం మూసుకుపోయినట్టు కాదు. రెప్ప వేసిన ప్రతిసారీ నీటిని ముక్కు వైపు తోసే పంపు రెప్పలోనే ఉంది. అది వదులైతే గొట్టం ఎంత తెరిచి ఉన్నా లాభం లేదు.

కింది రెప్ప వేలాడుతోంది, లోపలి ఎరుపు కనిపిస్తోంది

వయసుతో రెప్ప సాగి, రెప్ప అంచున ముక్కు వైపు కొసలో సుమారు 0.3 మి.మీ. ఉండే కన్నీటి రంధ్రం (కన్నీరు లోపలికి దిగే ద్వారం) కనుగుడ్డును వదిలి బయటికి తిరుగుతుంది. రెప్పను వేలితో కిందికి లాగి వదిలితే, కన్ను ఆర్పకుండానే వెంటనే అతుక్కోవాలి. గుడ్డు నుంచి 8 మి.మీ. మించి ముందుకు వస్తే సాగినట్టే. చుక్కల మందుతో ఇది తగ్గదు. బయటి కొలికి దగ్గర రెప్పను కురచ చేసి కంటి గుంట ఎముక పొరకు కుట్టాలి. కుట్టు ఎముక అంచుకు లోపలి వైపు పడాలి. ముందు అంచు మీద వేస్తే రెప్ప గుడ్డుకు ఆనదు, నీరు మళ్లీ కారుతుంది. రంధ్రం ఒక్కటే తిరిగి ఉంటే, దాని కింద లోపలి పొరలో వజ్రం ఆకారంలో చిన్న ముక్క తీసి కుడితే చాలు. తర్వాత కూడా కన్నీళ్లను కిందికి లాగి తుడిచే అలవాటు మానకపోతే చేసిందంతా వృథా.

రంధ్రం కనబడనంత సన్నగా ఉంది

రెప్ప అంచుల వాపు, ఏళ్ల తరబడి వాడిన గ్లకోమా చుక్కలు కారణం కావచ్చు. వెడల్పు చేసి వదిలేస్తే మళ్లీ మూసుకుంటుంది. వెనుక గోడను కొద్దిగా కత్తిరించాలి, లేదా కొన్ని వారాలు సిలికాన్ గొట్టం ఉంచాలి.

ముక్కు పక్కన నొక్కితే చీము వస్తోంది

సిరింజింగ్‌లో, అంటే సిరంజితో ఉప్పునీరు పంపి దారి చూసే పరీక్షలో, కింది రంధ్రం గుండా పంపిన సెలైన్ జిగురుతో కలిసి పై రంధ్రం నుంచి వెనక్కి వస్తే, అడ్డు ముక్కు పక్కన ఉండే కన్నీటి సంచి కింద ఉంది. దీనికి డీసీఆర్ అనే ఆపరేషన్. ఎముకలో 10–15 మి.మీ. కిటికీ తెరిచి సంచిని నేరుగా ముక్కులోకి కలుపుతారు. కిటికీ చిన్నదైనా, మచ్చకండ పెరిగినా మళ్లీ మూసుకుంటుంది. మొదటి ఒకటి రెండు వారాలు ముక్కు గట్టిగా చీదకూడదు. సంచి ఎర్రగా వాచి నొప్పిగా ఉంటే సిరింజింగ్ వద్దు, ముందు యాంటీబయాటిక్. చీము ఉండగా శుక్లం ఆపరేషన్‌కు ఒప్పుకోకండి, కంటి లోపలికే ఇన్ఫెక్షన్ పాకవచ్చు.

ఒక్క రంధ్రమే ఉబ్బి, చుక్కలు వేసినా పుసి ఆగడం లేదు

రంధ్రం నుంచి సంచికి వెళ్లే సన్న గొట్టంలో రాళ్లు చేరి ఉంటాయి. గోకి తీస్తేనే తగ్గుతుంది.

సెలైన్ గొంతులోకి దిగుతోంది, రెప్ప బిగువుగానే ఉంది

కన్ను పొడిబారిందేమో చూడాలి. మంటకు కన్ను ఒక్కసారిగా నీరు చిమ్ముతుంది. కన్నీరు ఎంత ఊరుతోందో కొలవడానికి కింది రెప్పలో పెట్టే షిర్మర్ కాగితం 5 నిమిషాల్లో 5 మి.మీ. కూడా తడవకపోతే కత్తి పని లేదు, కృత్రిమ కన్నీటి చుక్కలు మొదలుపెట్టాలి.