పరిశోధన పత్రానికి ఆధారాలు దొరకడం లేదా?

సమస్య: ఎంత వెతికినా ఏమీ రావడం లేదు.

ఉదాహరణకు, పరిశోధన వ్యాసాలు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో "డొక్కల కరువు" అని కొడితే వచ్చేది నామమాత్రం. ఇక్కడే చాలామంది అంశాన్ని మార్చేసుకుంటారు. తొందరపడకండి.

కారణం: సమాచారం ఉంది, కానీ వేరే పేరు మీద ఉంది. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన ఆ కరువును జనం డొక్కల కరువు అనీ, నందన కరువు అనీ అన్నారు. కుంఫిణీ దొరలకు అది గుంటూరు కరువు; అదీ 'యు' బదులు రెండు 'ఓ'లు వేసిన నాటి స్పెల్లింగులో. ఇంకో మెలిక కూడా ఉంది. 1859లో గుంటూరు జిల్లాను రద్దు చేసి కృష్ణాలో కలిపారు, 1904లో మళ్లీ విడదీశారు. అందుకే గుంటూరు సంగతుల కోసం 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్ (జిల్లా వివరాలతో నాటి ప్రభుత్వం వేసిన గ్రంథం) తెరవాలి.

పరిష్కారం: ముందు పాత పేర్లన్నీ కాగితం మీద పెట్టండి. విజయవాడకు బెజవాడ, మచిలీపట్నానికి మసూలిపటం, కృష్ణాకు 'కె'తో మొదలయ్యే కిస్ట్నా. మండలాలు 1985లో వచ్చాయి కాబట్టి అంతకుముందు కాలానికి తాలూకా పేరుతో వెతకాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పాత తెలుగు పుస్తకాల పేర్లు చాలావరకు ఇంగ్లిషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగులో వారు ఎక్కించినవి. ఒక స్పెల్లింగుకు దొరకనిది మరోదానికి తగులుతుంది.

సమస్య: వ్యాసం దొరికింది, తెరవాలంటే డబ్బు అడుగుతోంది.

అది చందా కట్టిన సంస్థలకే తెరుచుకునే పత్రిక. స్కాలర్‌లో ఆ వ్యాసం కింద ఉండే "అన్ని వెర్షన్లు" నొక్కండి. రచయిత ఉచితంగా పెట్టిన ప్రతి ఉండవచ్చు. లేకపోతే కాలేజీ లైబ్రేరియన్‌ను ఎన్-లిస్ట్ (కాలేజీలకు ఆన్‌లైన్ పత్రికలు, పుస్తకాలు అందించే పథకం) లాగిన్ అడగండి. చాలా కాలేజీల్లో ఈ సౌకర్యం ఉన్నా విద్యార్థులకు చెప్పేవారే ఉండరు. ఈలోగా భారతీయ విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు ఉచితంగా దొరికే శోధగంగ వెబ్‌సైటులో మీ అంశానికి దగ్గరగా ఉన్న సిద్ధాంత వ్యాసం తీసి, చివర ఉన్న గ్రంథసూచిని చదవండి. ఒక్కోసారి వ్యాసం కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

సమస్య: కేటలాగులో ఉంది, బీరువాలో లేదు.

రిఫరెన్సు విభాగంలోనో, తిరిగి సర్దని పుస్తకాల గుట్టలోనో ఉంటుంది. కేటలాగులో పుస్తకం స్థానాన్ని సూచించే కాల్ నంబరు రాసుకుని కౌంటరులో చూపించండి. పుస్తకం పేరు మాత్రమే చెబితే "లేదు" అనేస్తారు.