పాత కార్వెట్ బ్రేకు పెడల్ పదేపదే ఎందుకు మెత్తబడుతుంది: సమస్య - పరిష్కారం

1965లో అమెరికన్ స్పోర్ట్స్ కారు షెవ్రొలే కార్వెట్‌కు నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు వచ్చాయి. ప్యాడ్లను డిస్కుకు నొక్కే ఒక్కో కాలిపర్‌లో నాలుగు పిస్టన్లు, 11.75 అంగుళాల డిస్కులు. చిన్నాచితకా మార్పులతో 1982 దాకా అదే అమరిక సాగింది. ఈ బ్రేకులకు చెడ్డపేరుంది, అందులో సగం అన్యాయం. అవసరం లేని చోట డబ్బు పోసి, ఆ కోపం బండి మీద చూపించేవాళ్లే ఎక్కువ. నేనూ ఆ బాపతే. నా 1969 బండికి రెండు కాలిపర్లు మార్చి, బ్రేకు ఆయిల్‌లోంచి మూడుసార్లు గాలి తీశాక గానీ డిస్కు ఊగుడును కొలిచే డయల్ గేజ్ కొనలేదు.

చక్రం విప్పే ముందు రెండు జాగ్రత్తలు. జాక్‌ను నమ్మి బండి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. పాత ప్యాడ్ల పొడిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. దాన్ని గాలి కొట్టి ఎగరగొట్టకండి, తడిగుడ్డతో తుడవండి.

సమస్య: గాలి తీసిన కొన్ని వారాలకే పెడల్ మెత్తబడుతుంది, ఆయిల్ మాత్రం ఎక్కడా కారదు

అందరూ ముందు మాస్టర్ సిలిండర్‌ను, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టేదాన్ని, అనుమానిస్తారు. అసలు దొంగ చాలాసార్లు డిస్కే. అది తిరిగేటప్పుడు అటూ ఇటూ ఊగుతుంది.

ఈ కాలిపర్ కదలదు, పిస్టన్లే కదలాలి. వాటి వెనక చిన్న స్ప్రింగులు ఉండి, ప్యాడ్లు ఎప్పుడూ డిస్కును ఆనుకునేలా చూస్తాయి. డిస్కు ఊగితే ప్రతి చుట్టుకూ పిస్టన్లు లోపలికీ బయటికీ ఆడతాయి. ఇక్కడ వాడినవి లిప్ సీళ్లు. సైకిల్ పంపులోని తోలు వాషరును గుర్తు చేసుకోండి. కిందికి నొక్కితే గాలిని పోనివ్వదు, పైకి లాగితే పక్కల నుంచి గాలి లోపలికి వస్తుంది. ఈ సీలుదీ అదే పని. బ్రేకు తొక్కితే ఆయిల్‌ను గట్టిగా ఆపుతుంది. పిస్టన్ ఊగినప్పుడు మాత్రం చుక్క ఆయిల్ బయటికి రాకుండానే గాలిని లోపలికి మింగుతుంది. మీరు తీసిన గాలిని బండే మళ్లీ నింపుకుంటోందన్నమాట.

మరి డిస్కు ఎందుకు ఊగుతుంది? ఫ్యాక్టరీలో డిస్కును హబ్‌కు, అంటే చక్రం బిగించే మధ్య భాగానికి, రివెట్లతో బిగించి, రెండింటినీ కలిపే చెక్కేవారు. తర్వాత ఎవరో ఆ రివెట్లు తొలిచి కొత్త డిస్కు తొడిగి ఉంటారు. ఆ రెండూ కలిసి చెక్కినవి కావు. హబ్ ముఖం మీద కాస్త తుప్పు మిగిలినా ఆ తేడా డిస్కు అంచు దగ్గర పెద్దదవుతుంది.

పరిష్కారం: కొలవండి. చక్రం విప్పి, అయిదు నట్లనూ వాషర్లు వేసి నేరుగా డిస్కు మీదే బిగించండి. ముందు చక్రమైతే బేరింగు నట్టును ఆట లేకుండా తాత్కాలికంగా బిగించాలి. కొలత అయ్యాక మళ్లీ సరైన వదులుకు తేవడం మరవకండి. గేజ్ ముల్లును డిస్కు అంచుకు అర అంగుళం లోపల ఆనించి, ఒక పూర్తి చుట్టు నెమ్మదిగా తిప్పండి. ముల్లు ఆడిన మొత్తం తేడా అంగుళంలో 5 వెయ్యో వంతులు దాటకూడదు. లిప్ సీళ్లు ఉన్న బండికి నేను 2, 3 దగ్గరే ఆగుతాను. మామూలు రాతకాగితం మందమే దాదాపు 4 వెయ్యో వంతులు, మనం వేటాడేది దానికంటే తక్కువ.

నా బండి వెనక కుడి డిస్కు 11 చూపింది. హబ్ ముఖాన్ని వైరు బ్రష్షుతో మెరిసేలా రుద్దితే 8కి దిగింది. డిస్కును ఒక్కో స్టడ్ (చక్రం బిగించే బోల్టు) చొప్పున జరిపి అయిదు స్థానాల్లోనూ కొలిస్తే, మూడో స్థానంలో 4 వచ్చింది. ఒకవైపు పల్చగా ఉండే షిమ్ అనే రేకు ఒకటి మధ్యలో వేశాక 2 దగ్గర నిలిచింది. ఆ స్థానానికి సుద్దతో గుర్తు పెట్టాను. రెండు కాలిపర్ల ఖర్చు తప్పించాల్సిన పనికి ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోయింది.

వెనక బేరింగులో ఆట 1 నుంచి 8 వెయ్యో వంతుల మధ్య ఉండాలి. అంతకు మించితే డిస్కును ఎంత సరిచేసినా దండగ. ఆ పనికి ప్రెస్సు, అనుభవం రెండూ కావాలి, తెలిసినవాళ్లకు అప్పగించండి. డిస్కు మందం 1.215 అంగుళాల కన్నా తగ్గితే చెక్కించవద్దు, మార్చండి.

ఇక గాలి తీయడంలో జరిగే పొరపాటు. వెనక కాలిపర్‌కు లోపల ఒకటి, బయట ఒకటి, గాలి వదిలే రెండు నిపుళ్లు ఉంటాయి. బయటిది చక్రం విప్పితే గానీ అందదు, అందుకే చాలామంది దాన్ని వదిలేస్తారు. కుడి ఎడమ కాలిపర్లు తారుమారైతే నిపుల్ కిందికి వస్తుంది, అప్పుడు ఎంత తీసినా గాలి పైనే ఉండిపోతుంది.

సమస్య: బండి ఒక పక్కకు లాగుతుంది, లేదా బ్రేకు వదిలినా చక్రం బిగుసుకుని ఉంటుంది

పాత రబ్బరు గొట్టం లోపల ఉబ్బితే, తొక్కినప్పుడు ఆయిల్ వెళ్తుంది, వదిలినప్పుడు తిరిగి రాదు. చక్రం బిగుసుకున్నప్పుడు నిపుల్ కాస్త తెరవండి. చక్రం వెంటనే వదులైతే ఒత్తిడి లోపల చిక్కుకుందని అర్థం. గొట్టం మీద అనుమానం పెట్టుకోండి. వదులు కాకపోతే పిస్టనే తుప్పుతో పట్టేసింది. గొట్టాలను రెండు పక్కలా జతగానే మార్చండి.

సమస్య: పెడల్ రాయిలా ఉంది, బండి మాత్రం ఆగదు

బూస్టర్ (ఇంజను వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచేది) ఉన్న బండి అయితే ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్‌ను, వాక్యూమ్ గొట్టాన్ని చూడండి.

బూస్టర్ లేని బండికి మాస్టర్ సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) 1 అంగుళం, ఉన్నదానికి 1⅛. తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ బూస్టర్ లేని బండికి పెద్దది తగిలిస్తే, అదే కాలి బలానికి ఒత్తిడి సుమారు 21 శాతం తగ్గిపోతుంది. పాత బండి కొన్నవాళ్లు ఈ కొలత తప్పక చూసుకోవాలి.

సమస్య: హ్యాండ్ బ్రేకు పట్టదు

వెనక డిస్కు లోపలే ఒక చిన్న డ్రమ్ము, అందులో బుల్లి షూలు ఉంటాయి. వాటి స్ప్రింగులు తుప్పు పట్టి విరిగిపోతాయి. డిస్కు ఎలాగూ విప్పినప్పుడే స్టెయిన్‌లెస్ స్టీల్ సామాను వేయించండి. మళ్లీ విప్పే ఓపిక ఎవరికీ ఉండదు.

మెరుగులు: దేనికి ఖర్చు పెట్టాలి

కాలిపర్ పోత ఇనుముది, బోరు గోడ తుప్పు పట్టి గుంటలు పడుతుంది. గుంటల మీద కొత్త సీలు నిలవదు. లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవు (తొడుగు) వేయించిన కాలిపర్లు తీసుకోండి, ఆ ఖర్చుకు నేను ఎప్పుడూ బాధపడలేదు. లిప్ సీళ్లకు బదులు వేసే ఓ-రింగు (గుండ్రని రబ్బరు వలయం) సీళ్లు డిస్కు ఊగుడును కొంత ఓర్చుకుంటాయి, అయినా గేజ్ పని తప్పించుకోవడానికి వాటిని వాడకండి.

మామూలు బ్రేకు ఆయిల్, అంటే డాట్ 3, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 పొడిగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ పరిమితి 140కి దిగుతుంది. పైగా పెయింటును ఒలిచేస్తుంది. నెలల తరబడి షెడ్డులో ఉండే బండికి సిలికాన్ రకం డాట్ 5 మంచిదే. కానీ పాత ఆయిల్‌తో కలపకూడదు, డబ్బాను ఊపకూడదు, నెమ్మదిగా పోయాలి. డాట్ 5.1 సిలికాన్ కాదు, పేరు చూసి మోసపోకండి.

1965, 1966 బళ్లలో బూస్టర్ లేనివాటికి మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. 1967 నుంచి రెండు గదులది అన్ని కార్వెట్లకూ వచ్చింది. బండిని ప్రదర్శనకు కాక రోడ్డు మీద నడపడానికి ఉంచుకుంటే, మిగతా మెరుగులన్నిటికన్నా ముందు దీన్ని మార్చండి. తీసిన పాత సిలిండర్‌ను పారేయకుండా అట్టపెట్టెలో దాచండి, అమ్మేనాడు కొనేవాడు మొదట అడిగేది దాన్నే.