ఆహార పరీక్షల ల్యాబ్‌కు డీఎన్‌ఏ కిట్లు, రియాజెంట్లు కొనడం ఎలా

డీఎన్‌ఏ పరీక్ష అని ఒకే మాటతో పిలుస్తున్నా, ఆహార ప్రయోగశాలకు వచ్చే ప్రశ్నలు ఒకదానితో ఒకటి పోలిక లేనివి. భీమవరం నుంచి ఎగుమతయ్యే రొయ్యల్లో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉందా అన్నది ఒక ప్రశ్న. మేకమాంసమని అమ్మినదానిలో మరో జంతువు మాంసం కలిసిందా అన్నది వేరొకటి. దిగుమతైన సోయాలో జన్యుమార్పిడి రకం ఎంత శాతం ఉందన్నది ఇంకొకటి. వీటికి వాడే కిట్లు, ప్రమాణ పదార్థాలు (కూర్పు కచ్చితంగా తెలిసిన, పోల్చి చూసే నమూనాలు), చివరికి డీఎన్‌ఏను వెలికితీసే పద్ధతి కూడా వేరు. అందువల్ల కొటేషన్లు అడగడానికి ముందే ఏ నమూనా వస్తుంది, దానిలో ఏమి వెతకాలి, ఏ పరిమితి వరకు, నివేదికను ఎవరు చదువుతారు అన్న సంగతులు కాగితం మీద రాసుకోవాలి. ముందుగా క్యాటలాగు తెరిస్తే, అవసరం లేని కిట్లు ఫ్రీజర్‌లో చేరి గడువు తీరిపోతాయి.

పరిమితి ఎంతన్న ప్రశ్న కొనుగోలును పూర్తిగా మార్చేస్తుంది. దేశ ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వు, ఆ తరువాత ఇచ్చిన పొడిగింపు ప్రకారం, 2021 మార్చి 1 నుంచి 24 రకాల ఆహార పంటల దిగుమతి సరుకుకు జన్యుమార్పిడి రకం కాదన్న ధ్రువపత్రం ఉండాలి; అనుకోకుండా కలిసినదానికి 1 శాతం వరకే మినహాయింపు. శాతం చెప్పవలసి వచ్చిందంటే, ఉందో లేదో మాత్రమే తేల్చే స్క్రీనింగ్ కిట్ సరిపోదు. పరిమాణం కొలిచే కిట్‌తో పాటు ధ్రువీకృత ప్రమాణ పదార్థం కూడా కావాలి. బెల్జియంలోని గీల్‌లో ఉన్న యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం, అమెరికాలోని నూనెల రసాయనవేత్తల సంఘం ఏఓసీఎస్ వీటికి ముఖ్యమైన వనరులు. ఇవి విదేశాల నుంచి రావలసినవే గనుక, కిట్ కంటే ముందే వీటికి ఆర్డరు పెట్టడం మంచిది. శుద్ధిచేసిన వంటనూనెలో డీఎన్‌ఏ దాదాపు మిగలదని కూడా గుర్తుంచుకోవాలి. అటువంటి నమూనాకు ఎంత ఖరీదైన కిట్ కొన్నా నమ్మదగిన సమాధానం రాదు.

సాల్మొనెల్లా సంగతి దీనికి భిన్నం. 25 గ్రాముల నమూనాలో అది అసలు ఉండకూడదు కాబట్టి, ఉందా లేదా అన్న జవాబు చాలు. అయితే ఆ 25 గ్రాములను 225 మిల్లీలీటర్ల బఫర్డ్ పెప్టోన్ వాటర్ అనే పోషక ద్రవంలో కలిపి రాత్రంతా పెంచిన తరువాతే పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను అనేక రెట్లు పెంచి గుర్తించే పరీక్ష) చేయాలి. కొద్దిపాటి సజీవ కణాలు గుర్తించదగినంతగా పెరగడానికీ, చచ్చిన కణాల డీఎన్‌ఏ ప్రభావం తగ్గడానికీ ఇదే దారి. పాజిటివ్ వస్తే కల్చర్ పద్ధతిలో, అంటే బ్యాక్టీరియాను పెంచి చూసి, నిర్ధారించాలి. కాబట్టి పీసీఆర్ కిట్ బడ్జెట్‌లోనే పెప్టోన్ వాటర్, సాల్మొనెల్లాను పెంచే ఎక్స్ఎల్‌డీ అగార్, చండీగఢ్‌లోని ఎంటీసీసీ వంటి సూక్ష్మజీవుల సేకరణ కేంద్రం నుంచి పోలిక కోసం తెచ్చుకొనే కంట్రోల్ కల్చర్ల ఖర్చు కూడా వేసుకోవాలి.

ఇక కిట్ ఎంపిక. కిట్లను ధ్రువీకరించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 16140-2 ప్రకారం ధ్రువీకరించినదా, ఏఓఏసీ, ఆఫ్నార్, మైక్రోవాల్ వంటి సంస్థల ధ్రువపత్రం ఉందా అని అడగడం అందరూ చేసే పనే. ఆ ధ్రువపత్రాన్ని పూర్తిగా చదివేవారు తక్కువ. పాలపొడి, కోడిమాంసం మీద ధ్రువీకరించిన కిట్ గుంటూరు మిరపపొడి మీద కూడా అలాగే పనిచేస్తుందని అనుకోవడానికి వీల్లేదు. మసాలా దినుసుల్లోని పాలీఫినాల్స్, మాంసంలోని కొవ్వు, పాలలోని కాల్షియం పీసీఆర్‌లోని ఎంజైమ్ పనిని అడ్డుకుంటాయి. అప్పుడు సూక్ష్మజీవి ఉన్నా లేదని ఫలితం వస్తుంది. ఆహార భద్రతలో ఇంతకంటే ప్రమాదకరమైన తప్పు లేదు. అందుకే అంతర్గత కంట్రోల్ (పరీక్ష అడ్డుపడకుండా జరిగిందో లేదో చూపేది) లేని కిట్ ఎంత చౌకైనా కొనకూడదు. డీలరు దగ్గర కొద్ది రియాక్షన్ల (ఒక్కో గొట్టంలో జరిగే పరీక్షల) నమూనా ప్యాక్ అడిగి తీసుకొని, మీ ల్యాబ్‌కు నిత్యం వచ్చే పదార్థంలోనే తెలిసిన మోతాదులో బ్యాక్టీరియాను కలిపి నడిపి చూసిన తరువాతే ఆర్డరు ఇవ్వాలి. ధ్రువీకరించిన పద్ధతి మీ ల్యాబ్‌లో పనిచేస్తుందో లేదో చూడమని ఐఎస్ఓ 16140-3 కోరే సరిచూపులో కొంత భాగం దీనితోనే పూర్తవుతుంది.

మాంసం ఏ జంతువుదో తేల్చే పరీక్షకు ప్రతిసారీ కిట్ కొననక్కరలేదని నా అభిప్రాయం. 2013 జనవరిలో ఐర్లాండ్ ఆహార భద్రతా సంస్థ బీఫ్ బర్గర్లలో గుర్రం డీఎన్‌ఏ ఉందని ప్రకటించిన తరువాత ఈ పరీక్షలకు గిరాకీ పెరిగింది. మైటోకాండ్రియా జన్యువుల ఆధారంగా జంతుజాతిని గుర్తించే ప్రైమర్ల (వెతికే డీఎన్‌ఏకు అతుక్కొనే చిన్న డీఎన్‌ఏ ముక్కల) వరుసలు శాస్త్ర పత్రికల్లో ప్రచురితమై ఉన్నాయి. హైదరాబాద్ శివారు చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ ఈ రంగంలో ఎంతో పని చేసింది. ఆ వరుసలను తయారుచేసి ఇచ్చే సంస్థలు దేశంలోనే ఉన్నాయి. మామూలు ప్రైమర్లకు డీసాల్టింగ్ (ఉప్పులను తొలగించే మామూలు శుద్ధి) చాలు. వెలుగుతో ఫలితం చూపే ఫ్లోరోసెంట్ ప్రోబ్‌లను మాత్రం హెచ్‌పీఎల్‌సీ అనే మరింత కచ్చితమైన శుద్ధితోనే అడగాలి. ఈ దారిలో రియాజెంట్ ఖర్చు బాగా తగ్గుతుంది, కాని పద్ధతిని ధ్రువీకరించే భారం మొత్తం మీ మీద పడుతుంది. అనుభవమున్న అనలిస్టు లేని ల్యాబ్ దీని జోలికి పోకూడదు.

పీసీఆర్ యంత్రం కొనేటప్పుడు అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే: వేరే కంపెనీల రియాజెంట్లు దీనిలో నడుస్తాయా? కొన్ని వ్యవస్థలు తమ కిట్లకే పనిచేస్తాయి. యంత్రాన్ని తక్కువ ధరకు ఇచ్చి, ఆ తరువాత ఏళ్ల తరబడి కిట్ల మీద రాబట్టుకుంటారు. రోజూ ఒకే పరీక్ష చేసే ఎగుమతి యూనిట్‌కు అది సౌకర్యమే కావచ్చు. రకరకాల నమూనాలు వచ్చే ల్యాబ్‌కు మాత్రం సంకెల. ఈ రంగంలో కంపెనీలు చేతులు మారడం కూడా మామూలే. డ్యూపాంట్ దగ్గరున్న బ్యాక్స్ పీసీఆర్ వ్యవస్థ 2017లో హైజీనా చేతికి వెళ్లింది. 3ఎం ఆహార భద్రతా విభాగం 2022లో నియోజెన్‌లో కలిసింది. అటువంటప్పుడు క్యాటలాగ్ నంబర్లు, డీలర్లు మారవచ్చు గనుక, ప్రతి కొటేషన్‌తోనూ తయారీదారు ఇచ్చిన తాజా అధీకృత డీలరు పత్రాన్ని జతపరచమని కోరాలి.

ధరలను పోల్చేటప్పుడు కిట్ ధరను రియాక్షన్ల సంఖ్యతో భాగించి ఊరుకోకూడదు. ఉదాహరణకు 96 రియాక్షన్ల కిట్ 48,000 రూపాయలనుకుంటే, రియాక్షన్‌కు 500 రూపాయలని అనిపిస్తుంది. ఒక్కో రన్‌లో (యంత్రాన్ని ఒకసారి నడపడంలో) 8 నమూనాలను రెండేసి సార్లు వేస్తే 16, పాజిటివ్, నెగటివ్ కంట్రోళ్లను, నమూనా లేకుండా నడిపే ఎక్స్‌ట్రాక్షన్ బ్లాంక్‌ను రెండేసి చొప్పున వేస్తే 6, మొత్తం 22 రియాక్షన్లు పోతాయి. అంటే కిట్‌తో 4 రన్‌లు, 32 నమూనాలు మాత్రమే అవుతాయి; ఒక్కో నమూనాకు 1,500 రూపాయలు పడినట్టు. ఎక్స్‌ట్రాక్షన్ కాలమ్‌లు, ఫిల్టర్ టిప్‌లు, ప్లేట్లు దీనికి అదనం. రెండు కంపెనీల కొటేషన్లను ఈ చివరి అంకెతోనే పోల్చాలి. ఫిల్టర్ టిప్‌ల దగ్గర మాత్రం పొదుపు చేయవద్దు. ఒక్కసారి కలుషితం జరిగితే వారం రోజుల పని వృథా అవుతుంది.

సరుకు చేతికందే రోజు కూడా కొనుగోలులో భాగమే. మాస్టర్ మిక్స్ (పీసీఆర్ రసాయనాలను ముందే కలిపిన మిశ్రమం), ఎంజైమ్‌లు సాధారణంగా మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెల ఎండలో డ్రై ఐస్ ఎంత వేగంగా ఆవిరైపోతుందో తెలిసినదే. పెట్టె తెరవగానే డ్రై ఐస్ మిగిలి ఉందో లేదో చూసి, ఫొటో తీసి, కరిగిన సరుకును తిప్పి పంపే హక్కు పర్చేజ్ ఆర్డరులోనే రాసుకోవాలి. శుక్ర, శనివారాల్లో పంపవద్దని, సరఫరా నాటికి గడువులో కనీసం నాలుగింట మూడొంతుల కాలం మిగిలి ఉండాలని కూడా షరతు పెట్టాలి. ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రీజర్లు మంచును కరిగించుకోవడానికి అప్పుడప్పుడు వేడెక్కుతాయి కాబట్టి ఎంజైమ్‌లను వాటిలో పెట్టకూడదు.

కొత్త లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) వచ్చిన ప్రతిసారీ పాత లాట్‌తో పక్కపక్కన నడిపి, ఫలితాలను లాట్ నంబర్లతో సహా రిజిస్టరులో రాయాలి. ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ తనిఖీలో, ల్యాబ్‌ల ప్రమాణమైన ఐఎస్ఓ 17025లోని 6.6 విభాగం కింద సరఫరాదారులను ఎలా ఎంచుకున్నారో, ఎలా సరిచూస్తున్నారో అడుగుతారు. ప్రమాణ పదార్థాలు ఐఎస్ఓ 17034 గుర్తింపు ఉన్న తయారీదారు నుంచి వచ్చాయా అని కూడా చూస్తారు. ఏడాది సరిపడా సరుకును ఒకేసారి తెప్పించే బదులు, ఏడాదికి ధర ఖరారు చేసుకొని మూడు నెలలకొకసారి సరఫరా చేయించుకుంటే గడువు, ఫ్రీజర్ చోటు రెండూ కలిసొస్తాయి. పాత లాట్‌లో కనీసం ఒక రన్‌కు సరిపడా మిగిలి ఉండగానే తరువాతి సరఫరా అందేలా తేదీలు వేసుకోవాలి. లేకపోతే పోల్చి చూడడానికి పాత లాట్ ఉండదు.