ఆర్ట్ కాలేజీ మెట్లెక్కకుండా కథలకు బొమ్మలు వేయాలంటే

ట్యాబ్లెట్, స్టైలస్ ఇప్పుడే కొనకండి. ఒక 2బి పెన్సిలు, నల్ల జెల్ పెన్ను, ఒక కట్ట జిరాక్స్ కాగితాలు చాలు, మొదటి ఏడాది దాదాపు వీటితోనే గడిచిపోతుంది. బాపు గారు చదివింది లా, కాబట్టి సర్టిఫికెట్ లేదన్న దిగులు కూడా పక్కన పెట్టేయండి. అసలు చిక్కు వేరే చోట ఉంది. సొంతంగా నేర్చుకునేవాళ్లలో చాలామంది చెయ్యి తిరగడం మీద పెట్టే శ్రద్ధ, ఏం వేయాలో తేల్చుకోవడం మీద పెట్టరు.

ఒక కథ వచ్చిందనుకోండి. రైతు గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, తోలుకెళ్తాడు, ధర పడిపోతుంది, రాత్రికి ఉత్త చేతులతో ఇంటికొస్తాడు. చదవగానే చేతికొచ్చే బొమ్మ ఒకటే: టిక్కీల పక్కన తలపట్టుకుని కూర్చున్న రైతు. అది అందరికీ తడుతుంది, పైగా కథ ముగింపును మొదటి పేజీలోనే బయటపెట్టేస్తుంది. కథ మళ్లీ చదవండి, ఈసారి కంటికి కనిపించే ప్రతిదాని కింద పెన్సిలుతో గీత పెట్టుకుంటూ: లారీ తాడు, కాటా, భుజం మీద తువ్వాలు, గుమ్మం, కూతురు. అప్పుడు ఇంకో బొమ్మ కనబడుతుంది. తెల్లవారుజామున లారీ ఎక్కి తాడు బిగిస్తున్న నాన్న, కింద నిలబడి తనకేం తేవాలో వేళ్లు ముడిచి లెక్కచెప్తున్న పిల్ల. ఇంకా ఏమీ జరగలేదు, కానీ చూసేవాడికి గుబులు మొదలవుతుంది. సంఘటన కన్నా దానికి కాస్త ముందు క్షణమే మంచి బొమ్మవుతుందని నా నమ్మకం.

ఆ ఆలోచనను వెంటనే పెద్ద కాగితం మీదకు ఎక్కించకండి. అగ్గిపెట్టెంత గళ్లు ఆరో ఎనిమిదో గీసుకుని, ఒక దాంట్లో లారీ పైనుంచి చూస్తున్నట్టు, ఇంకో దాంట్లో పిల్ల వీపు వెనక నుంచి, ఇలా మార్చి మార్చి చూడండి. కళ్లూ వేళ్లూ వద్దు, నలుపెక్కడ తెలుపెక్కడ అన్నదొక్కటే తేలాలి. చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నప్పుడు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అర్థం కావాలి. ఇక్కడ అర్థం కానిది పెద్దది చేసినా అర్థం కాదు. మొదటి రెండు గళ్లలో సాధారణంగా ఎక్కడో చూసిన బొమ్మలే పడతాయి, సొంతవి ఆ తర్వాతే.

మనుషుల కోసం ఫోన్‌లో వెతికే బదులు బెజవాడ బస్టాండుకు వెళ్లండి. సంచీ ఒళ్లో పెట్టుకుని కునికేవాళ్లతో మొదలుపెడితే సుఖం, కదలరు. తర్వాత నిలబడినవాళ్లు. బరువు ఏ కాలి మీద ఉందో ముందు ఒక్క గీతలో పట్టుకోండి. చంకలో పిల్లాడున్న తల్లిని చూస్తే ఆ పక్క నడుము బయటికొచ్చి, పైభాగం రెండో పక్కకు ఒరిగి ఉంటుంది, అది పడితే చీర మడతలు వాటంతటవే కుదురుతాయి. ఎవరైనా తొంగిచూస్తే పుస్తకం దాచకండి. జామకాయల బుట్టతో కూర్చున్న ఒక పెద్దావిడ నా పుస్తకం లాక్కుని, "ఏంది బాబూ, నా ముక్కు ఇంత లావా?" అని, కొంగు సర్దుకుని, "ఊఁ, ఇప్పుడు గీయి" అంది. అంతకన్నా మంచి మోడల్ ఎక్కడ దొరుకుతుంది?

గీత నేర్చుకోవడానికి బెజవాడలోనే లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులు తిరగండి. బాపు బొమ్మలున్న పాత వారపత్రిక దొరికితే జడ, చీర కుచ్చిళ్ల గీతలు ఎక్కడ లావయ్యాయో, ఎక్కడ గీత ఆపేసి మన కంటికే వదిలేశారో చూడండి. ఒకటి కాపీ చేసి, పత్రిక మూసేసి, అదే భంగిమలో మీ ఎదురింటాయన్ని గీయండి. కాపీ మీ దగ్గరే ఉంచుకోండి, కింద సంతకం పెట్టి పోస్ట్ చేస్తే అది దొంగతనమే.

నచ్చిన గడిని జిరాక్స్ షాపులో పెద్దది చేయించి, పగటిపూట కిటికీ అద్దానికి ఆనించి మంచి కాగితం మీదకు ఎత్తుకోండి. మన మే నెలలో చెమటకు సగం బొమ్మ అరచేతికే అంటుకుంటుంది, చెయ్యి కింద ఓ కాగితం ముక్క తప్పనిసరి. వానాకాలం ఇంకు ఆరడానికి టైమ్ పడుతుంది, తొందరపడి రబ్బరు వేస్తే అలుక్కుపోతుంది. పూర్తయ్యాక మళ్లీ జిరాక్స్ షాపుకే వెళ్లి సగం సైజుకు తగ్గించి చూడండి. మాయమైన గీతలు, ముద్దగా కలిసిపోయిన గీతలు అక్కడే దొరికిపోతాయి, ప్రింటయ్యాక తెలిస్తే ఏం లాభం?

కంప్యూటర్ దాకా వస్తే, బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ క్రిటా ఉచితమే. ఎ4 సైజు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480 × 3508 పిక్సెళ్లు, అంతకు తగ్గకండి. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ, నారింజ ఆఫ్‌సెట్‌లో, అంటే ప్రెస్సు ప్రింటులో, కాస్త చచ్చుగా వస్తాయి, ముందే మనసులో పెట్టుకోండి.

మూడ్ లేని రోజులుంటాయి, ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదికి వచ్చేవాళ్లకు మరీ ఎక్కువ. ఆ రోజు కథ ముట్టుకోకండి. మీ ఎడమ చేతినే చూసి గీయండి, లేదా రేపటి కాగితాలకు బోర్డర్లు కొట్టుకోండి, టేబుల్ ముందు కూర్చునే అలవాటు మాత్రం పోనివ్వకండి. ప్రతి పేజీ మీద తేదీ వేయండి. చేతకాని విషయాన్ని, గుర్రమో సైకిలో, తప్పించుకు తిరగకుండా అది వచ్చే కథనే ఎంచుకోండి.

ఎడిటర్లకు పంపేటప్పుడు మూడు బొమ్మలు చాలు, మూడూ కథలకు వేసినవే అయ్యుండాలి, హీరోయిన్ల పోర్ట్రైట్లు వాళ్లకెందుకు? జవాబు రాకపోతే నెలాగి కొత్త బొమ్మతో మళ్లీ పంపండి, "సార్, నా మెయిల్ చూశారా" అని కాదు. పని ఒప్పుకునే ముందే డబ్బు ఎంత, ఎప్పుడు, బొమ్మను ఇంకెక్కడైనా వాడతారా అన్నది మెసేజ్‌లో రాయించుకోండి. ఫైలుకు ‘ఫైనల్ ఫైనల్ 2’ అని కాకుండా మీ పేరు, కథ పేరు పెట్టండి.