భారతదేశం నుంచి తల్లిదండ్రులు పంపిన పెద్ద మొత్తం: అమెరికాలో ఫారం 3520 దాఖలు చేసే విధానం

గుంటూరులో పొలం అమ్మిన తండ్రి, డాలస్‌లో ఇల్లు కొనుక్కుంటున్న కూతురికి 60,000 డాలర్లు పంపారనుకుందాం. తల్లి కూడా తన ఖాతా నుంచి మరో 60,000 పంపారు. ఈ కానుకపై కూతురు అమెరికాలో ఆదాయపు పన్ను కట్టనవసరం లేదు. అయితే పన్ను లేదన్న ధీమాతో ఆ సంగతి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు తెలియజేయకపోతే జరిమానా పడే ప్రమాదముంది.

అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డుదారులు, పన్ను లెక్కలో రెసిడెంట్లుగా పరిగణించే హెచ్-1బీ ఉద్యోగులు, ఒక క్యాలెండర్ సంవత్సరంలో అక్కడ నివాసితులు కాని వ్యక్తుల నుంచి లక్ష డాలర్లకు మించి కానుకగా పొందితే ఫారం 3520 దాఖలు చేయాలి. తల్లి, తండ్రి పంపినవి విడివిడిగా పరిమితి లోపే ఉన్నా, వారిద్దరూ పరస్పరం సంబంధీకులు కాబట్టి కలిపి 1,20,000 డాలర్లుగానే లెక్కించాలి. డబ్బు అమెరికాకు రాకుండా హైదరాబాద్‌లోని మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ప్రవాస భారతీయులు భారతదేశంలో ఉంచుకునే రూపాయల ఖాతా) జమ అయినా ఇదే నియమం వర్తిస్తుంది.

కానుకల వివరాలు నాలుగో భాగంలో నింపాలి. 5,000 డాలర్లు దాటిన ప్రతి కానుకకూ అందిన తేదీ, వివరణ, విలువ వేర్వేరు వరుసల్లో రాయాలి. తిరిగి ఇవ్వనవసరం లేని కానుక అని తల్లిదండ్రులు సంతకం చేసిన లేఖను, బ్యాంకు బదిలీ రసీదును మీ దగ్గర భద్రపరచుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఈ ఫారాన్ని ఆదాయపు పన్ను రిటర్నుకు జతచేయకుండా, విడిగా యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ కేంద్రానికి తపాలాలో పంపాలి. సాధారణ గడువు మరుసటి సంవత్సరం ఏప్రిల్ 15; రిటర్నుకు పొడిగింపు తీసుకున్నవారికి అక్టోబరు 15. తపాలా రసీదు తప్పక దాచుకోండి.

తల్లిదండ్రులు భారతదేశంలో ఎల్‌ఆర్‌ఎస్ (వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపేందుకు రిజర్వు బ్యాంకు అనుమతించే పథకం) కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన భాగంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను) వసూలు చేస్తుంది. అది అదనపు పన్ను కాదు. వారు తమ రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు, ఎక్కువైతే వాపసు పొందవచ్చు.

గడువు దాటితే నెలకు కానుక విలువలో 5 శాతం చొప్పున, గరిష్ఠంగా 25 శాతం వరకు జరిమానా ఉంటుంది. పై ఉదాహరణలో అది 30,000 డాలర్లకు చేరుతుంది. ఇప్పటికే ఆలస్యమైతే, సహేతుకమైన కారణాన్ని వివరించే లేఖను జతచేసి వెంటనే పంపండి.