చాళ్లు లెక్కపెట్టి బ్రిటిష్ ఫిరంగిని గుర్తించడం

1860ల నుంచి ఓడల మీద, తీర కోటల్లో వాడిన, మూతి నుంచి నింపే బ్రిటిష్ ఫిరంగులకు మొదటి ఆనవాలు గొట్టంలోని చాళ్లే, అంటే లోపలి గోడ మీద మెలి తిరిగిన గాడులే. గొట్టం లోపలి వ్యాసం 7 అంగుళాలదానికి 3 చాళ్లు, 8కి 4, 9కి 6, 10కి 7. టార్చ్ వేసి చూడండి, చెయ్యి పెట్టకండి. లోపల మందు ఉండిపోయి ఉండొచ్చు.

వ్యాసం గట్టు (రెండు చాళ్ల మధ్య ఎత్తు భాగం) నుంచి గట్టుకు కొలవాలి. చాళ్లు బేసి సంఖ్యలో ఉంటే చాలుకు ఎదురుగా గట్టు వస్తుంది, కొలత ఎక్కువ చూపిస్తుంది. కాలిపర్‌ను కాస్త తిప్పండి. తుప్పు పెచ్చులుంటే తక్కువ చూపిస్తుంది.

చాలామంది పొరబడేది పాలిసర్ మార్పిడి ఫిరంగుల దగ్గర, అంటే చాళ్లు లేని పాత ఫిరంగిలో చాళ్లున్న లోగొట్టం దూర్చినవాటి దగ్గర. మూతి అంచున లోగొట్టం అతుకు వలయంలా కనిపిస్తుంది, బయటిది పాత పోత ఇనుము. అందుకే పైనున్న సంవత్సరం చాళ్ల కాలానిది కాకపోవచ్చు. 6.29 అంగుళాలు, 3 చాళ్లు 64 పౌండ్ల (గుండు బరువును బట్టి వచ్చిన పేరు) దానికీ 80దానికీ ఒకటే; ఫిరంగి బరువు 5 టన్నులైతే 80 పౌండ్లది. పక్క ఇరుసుల (ఫిరంగిని బండి మీద నిలిపే, రెండు పక్కల పొడుచుకొచ్చిన దిమ్మల) మీది అక్షరాలను గీకకండి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి.