బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌కు నల్లగొండ పద్ధతి: రెండు బకెట్లు, పటిక, సున్నం

మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు నల్లాలో వస్తుంటే ఇదేమీ అక్కర్లేదు. నల్లా బందైన రోజుల్లో, బావికాడ, బోరే దిక్కైనచోట పనికొస్తుంది. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన ఈ పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు. టాంజానియాలో అరుషా వైపు పల్లెల కోసం దాన్ని రెండు బకెట్లలోకి కుదించారు. ఇంటికి అదే సులువు.

ముందు నీళ్లు పరీక్ష చేయించాలి. ఫ్లోరైడ్ ఒక్కటే తెలిస్తే చాలదు, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) కూడా రాయించుకోండి, పటిక మోతాదు రెండింటినీ బట్టి ఉంటుంది. పక్కింటివాళ్ల మోతాదు మీ బోరుకు పనికిరాదనేది ఇందుకే. ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు, క్షారత 300 మిల్లీగ్రాములు ఉంటే పటిక లీటరుకు సుమారు 350 మిల్లీగ్రాములు, అంటే 20 లీటర్ల బకెట్‌కు 7 గ్రాములు పడుతుంది. సున్నం పటికలో ఇరవయ్యో వంతు. ఇంత చిన్న తూకం ఇంట్లో కుదరదు కాబట్టి లీటరు నీళ్లలో 100 గ్రాముల పటిక కరిగించుకుని 70 మిల్లీలీటర్లు పోయండి. ఇంకో లీటరులో 10 గ్రాముల సున్నం కలిపి, ప్రతిసారీ బాగా ఊపి, 35 మిల్లీలీటర్లు పోయండి.

పటిక అంటే నీళ్ల ట్యాంకుల దగ్గర వాడే అల్యూమినియం సల్ఫేట్. గడ్డం గీసుకున్నాక రాసుకునే పటికలో అల్యూమినియం తక్కువ, అదే తూకం వేస్తే ఫ్లోరైడ్ మిగిలిపోతుంది. (పటికబెల్లం వేరే సంగతి, అది చక్కెర!)

పై బకెట్‌కు అడుగు నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తున నల్లా బిగించండి. ముందు సున్నం, తర్వాత పటిక వేసి నిమిషం గట్టిగా, ఆపై అయిదు నిమిషాలు మెల్లగా తిప్పండి. మెల్లగా తిప్పితేనే తెల్లటి తెట్టె ముద్దలు కడుతుంది. చివరిదాకా గిరగిరా తిప్పితే అవి చితికిపోయి నీళ్లు తేరుకోవు. గంట కదపకుండా ఉంచి, నల్లాకు నూలుబట్ట కట్టి, తేట నీళ్లను కింది బకెట్‌లోకి వదలండి. రాత్రంతా మడ్డి మీదే ఉంచితే పట్టుకున్న ఫ్లోరైడ్ మళ్లీ నీళ్లలోకే దిగుతుంది. రెండో బకెట్ ఎందుకంటే అందుకే.

నీళ్లు పుల్లగా ఉంటే పటిక ఎక్కువైనట్టు, తాగొద్దు. పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.5కు తగ్గకూడదు, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. కరిగిన లవణాలు లీటరుకు 1500 మిల్లీగ్రాములు దాటిన బోరుకు ఈ పద్ధతే వద్దు, పటిక ఇంకా లవణాన్ని కలుపుతుంది.

మడ్డిని బావికీ పశువుల తొట్టికీ దూరంగా గుంతలో పూడ్చండి. బోరు ఇంకా లోతుకు దింపితే నీళ్లు మారతాయి, పరీక్ష మళ్లీ మొదటి నుంచే.